‘అసర్’ రాత డైరీ: 15,380 మాటలు రాసి 7,700 మిగుల్చుకున్న లెక్క

ఇది ‘అసర్’ (మధ్యాహ్నానికీ సూర్యాస్తమయానికీ మధ్య చేసే నమాజు) అనే పెద్దకథ రాతకు సంబంధించిన పని పుస్తకం. కథానాయిక సబీహాకు 29 ఏళ్లు. కర్నూలులో పుట్టి పెరిగి, 2019 నాటికి షికాగోలో ఒక బీమా సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తూ ఉంటుంది. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ దీన్ (మత విశ్వాసం) నిలబెట్టుకునే ముస్లిం స్త్రీ గురించి రాయాలనుకునేవారు నేను పడిన గోతుల్లో పడకుండా ఉండటానికి ఈ లెక్కలు బయట పెడుతున్నాను. మొదటి నెలలో ఎంత ఉత్సాహంగా రాశానన్నది ఇక్కడ అనవసరం. ఆ రాత చెడిపోయిందని తెలిసిన రోజునే అసలు పని మొదలైంది.

పనిముట్లు: రెండు వందల పేజీల గీతల పుస్తకం, ఎర్ర పెన్ను, మాటలు వెతికే సౌకర్యమున్న కంప్యూటరు, షికాగో నమాజు వేళల సంవత్సర పట్టిక, ఫోనులోని స్టాప్‌వాచ్, దర్జీ టేపు. వీటన్నిటికంటే ముఖ్యంగా, షికాగో శివార్లలో పదకొండేళ్లుగా ఉంటున్న మా ఖాలా (అమ్మ సోదరి) కూతురు, నాకు చెల్లెలి వరస. ఆమె ఉద్యోగానికి వెళ్తుంది, స్కార్ఫ్ కట్టుకుంటుంది, నమాజు వదలదు, కథలు ఓపికగా చదవదు. ఇలాంటి పాఠకురాలు ఒక్కరు దొరికినా చాలు.

మొదటి దశ: అద్దం

41 రోజుల్లో 11,400 మాటల ప్రతి తయారైంది. ఆ చెల్లెలికి పంపిన నాలుగో రోజున జవాబు వచ్చింది.

“ఆపా, పన్నెండు పేజీల్లో ఈ పిల్ల పద్నాలుగుసార్లు అద్దం ముందు నిలబడింది. నేను పొద్దున ఒక్కసారి చూసుకుంటాను, పిన్నీసు సరిగ్గా పడిందా లేదా అని. అంతే.”

నమ్మలేక కంప్యూటరులో వెతికించాను. అద్దం 14 సార్లు. స్కార్ఫ్, హిజాబ్, ఓఢ్నీ, ముసుగు అన్నీ కలిపి 37 సార్లు. నమాజు మూడంటే మూడుసార్లు, అదీ ‘నమాజు చేసుకుంది’ అన్న ఒక్క ముక్కలో. అంటే నేను రాసింది విశ్వాసమున్న ఒక మనిషి కథ కాదు, ఒక గుడ్డముక్క కథ. కట్టుకుంటే దీన్, విప్పితే అమెరికా అన్నట్టుగా దాన్ని కరెంటు స్విచ్చులా వాడుకున్నాను. ఆమెకు దుఃఖం వచ్చినా, కోపం వచ్చినా, ఇల్లు గుర్తొచ్చినా నా చెయ్యి తిన్నగా ఆ పిన్నీసు మీదికే పోయింది.

ఇంకో తప్పు బాణం గుర్తుది. కర్నూలులో భక్తి, షికాగోలో దాని కరుగుదల అని కథకు ఒకే దిశ పెట్టుకున్నాను. ఆ దిశ సరైనదేనా అని చూసుకోవడానికి మూడు ఆంగ్ల నవలలను, కథ కోసం కాకుండా బాణం ఎటు పోతున్నదో గుర్తుపెట్టుకుంటూ మళ్లీ చదివాను. లైలా అబౌలేలా ‘మినరెట్’ (2005)లో నజ్వా ఖార్టూమ్‌లో ఉన్నత కుటుంబపు పిల్లగా డిస్కోలకు తిరిగి, సూడాన్‌లో ప్రభుత్వం కూలి తండ్రిని పోగొట్టుకుని, లండన్‌లో పనిమనిషిగా బతుకుతున్నప్పుడు మసీదు వైపు నడుస్తుంది. దీన్ ఆమెకు దొరికింది పశ్చిమంలోనే. మోనికా అలీ ‘బ్రిక్ లేన్’ (2003)లో బంగ్లాదేశ్ పల్లె నుంచి కొత్త పెళ్లికూతురిగా లండన్ వచ్చిన నజ్నీన్, చివరికి భర్త ఢాకాకు తిరిగి వెళ్లినా పిల్లలతో లండన్‌లోనే ఉండిపోతుంది. ఆమెను నిలబెట్టినది కుట్టుమిషను మీద వచ్చిన డబ్బు. సమీనా అలీ ‘మద్రాస్ ఆన్ రెయినీ డేస్’ (2004)లో లైలా అమెరికా నుంచి హైదరాబాదు పాతబస్తీకి పెళ్లి కోసం వస్తుంది, గోడలు ఆమెకు ఇక్కడ ఎదురవుతాయి. మూడు నవలల్లో మూడు దిశలు ఉన్నాయి. నా బాణం మాత్రం ఎవరో గీసి ఇచ్చినదాని నకలు.

మా కర్నూలులోనే కాలేజీ గేటు దాకా బుర్ఖాలో వచ్చి, తరగతిలో మడిచి సంచిలో పెట్టుకునే పిల్లలతో కలిసి చదువుకున్నాను. అందులో నేనూ ఉన్నాను. ఆ సంగతి నా కథకే గుర్తులేకపోవడం నాకు చిన్నతనంగా అనిపించింది.

చేసిన మార్పులు:
1. అద్దం ఉన్న సన్నివేశాలలో ఒక్కటి మినహా అన్నీ కొట్టివేశాను.
2. స్కార్ఫ్ ప్రస్తావనలను 37 నుంచి 6కు తగ్గించాను. ఆరింటిలోనూ అది వస్తువే. గాలికి ఎగురుతుంది, తడుస్తుంది, ఇస్త్రీ కావాలంటుంది. మనసును సూచించదు.
3. ‘రెండు ప్రపంచాల మధ్య’ అనే మాట నాలుగుచోట్ల ఉంటే నాలుగూ తీసేశాను.

ఇప్పటివరకు: రాసినవి 11,400. కొట్టినవి 3,900. మిగిలినవి 7,500.

రెండో దశ: ఏ పశ్చిమం?

సబీహా అన్న కూతురు షికాగోలో బడికి వెళ్తే, ప్రధానోపాధ్యాయురాలు స్కార్ఫ్ తీసి లోపలికి రమ్మంటుంది. 1,150 మాటల సన్నివేశం, మొదటి ప్రతిలో నాకు అన్నిటికంటే నచ్చినది. మా చెల్లెలు దాని పక్కన ఒకే ప్రశ్న రాసింది: “ఇది ఫ్రాన్సా?”

నిజంగా అది ఫ్రాన్సే. ప్రభుత్వ బడులలో మతచిహ్నాలు కొట్టొచ్చినట్టు కనబడేలా ధరించరాదన్న చట్టం ఫ్రాన్స్ 2004 మార్చి 15న చేసింది. అమెరికాలో అలాంటి చట్టం లేదు. ఎప్పుడో వార్తల్లో చదివినది నా తలలో ‘పశ్చిమం’ అనే ఒకే గదిలో పడి ఉండగా, నేను తీసి షికాగోలో పెట్టాను. తేదీ సరిచూసుకుంటున్నప్పుడు ఇంకొకటి కంటబడింది. తరగతిలో హిజాబ్‌పై ఆంక్షలను సమర్థిస్తూ కర్ణాటక హైకోర్టు తీర్పు ఇచ్చినది 2022 మార్చి 15న. ఆ వివాదం ఉడుపి ప్రభుత్వ కళాశాలలో మొదలైంది. నా సన్నివేశానికి నేను వెతకవలసిన చోటు సముద్రాల అవతల లేదు, మా ఆదోని దాటితే వచ్చే రాష్ట్రంలో ఉంది. అయితే అది వేరే కథ కనుక ఇందులోంచి మొత్తంగా తీసేశాను.

అమెరికాలో అడ్డు ఏ రూపంలో వస్తుందో తెలుసుకోవడానికి ఒక కేసు చదివాను. 2008లో ఓక్లహోమా రాష్ట్రం తల్సాలో, సమంతా ఎలౌఫ్ అనే 17 ఏళ్ల అమ్మాయి నల్ల స్కార్ఫ్‌తో అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ బట్టల దుకాణంలో ఇంటర్వ్యూకు వెళ్లింది. స్కార్ఫ్ గురించి ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. తరువాత కాగితం మీద ‘రూపం’ అన్న వరుసలో మార్కులు తగ్గాయి, ఉద్యోగం రాలేదు. 2015 జూన్ 1న అమెరికా సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. నాకు పనికివచ్చినది తీర్పు కంటే ఎక్కువగా ఆ కాగితం. నా మొదటి ప్రతిలో మేనేజరు బల్ల గుద్ది అరుస్తాడు. అసలు కార్యాలయంలో ఎవరూ అరవరు. పట్టికలో ఒక గడి మారుతుంది, ఒక సమావేశం వేళ మారుతుంది, అడిగితే అందరూ మర్యాదగా ఉంటారు.

బల్ల గుద్దే మేనేజరు స్థానంలో, ఎవరికీ చెడు చేయాలని లేని, మంచి టీ కలిపి ఇచ్చే ఒక మేనేజరమ్మను పెట్టి 900 మాటలు కొత్తగా రాశాను. ఆమె చేసేదల్లా ప్రతి బుధవారం సాయంత్రం 4:15కు సమావేశం పెట్టడమే.

ఇప్పటివరకు: రాసినవి 12,300. కొట్టినవి 5,050. మిగిలినవి 7,250.

మూడో దశ: సూర్యుడు

ఈ దశ అన్నిటికంటే ఎక్కువ రోజులు, సరిగ్గా 33 రోజులు పట్టింది. కథకు ఎముక దొరికినదీ ఇక్కడే కనుక వివరంగా రాస్తున్నాను.

ముందు ఘోరమైన తప్పు చెప్పుకుంటాను. నవంబరు మంచులో సబీహా ఒంటరిగా బస్ స్టాపులో ఖర్జూరంతో ఇఫ్తార్ చేసే సన్నివేశం 1,300 మాటలు ఉంది. కథాకాలం 2019. ఆ ఏడు అమెరికాలో రంజాను మే 6న మొదలైంది. చాంద్రమాన సంవత్సరం 354 లేదా 355 రోజులు కనుక రంజాను ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, అన్ని ఋతువులూ చుట్టి రావడానికి దాదాపు 33 ఏళ్లు తీసుకుంటుంది. ఈ సంగతి పుట్టినప్పటినుంచి తెలిసిన నేనే, మంచు మీద మోజుతో దాన్ని మరచిపోయాను. మంచు కావాలంటే కథను 2001కో 2002కో తీసుకుపోవాలి. 2001కి పోతే సెప్టెంబరు 11 పిలవకుండానే లోపలికి వచ్చి కూర్చుంటుంది, ఇక సబీహాకు మాట్లాడటానికి చోటుండదు. ఒక వారం ఆలోచించి మంచును వదులుకున్నాను.

ఆ తప్పు వల్ల ఒక లాభం కలిగింది. మొదటిసారి నమాజు వేళల పట్టికను వరుసగా చదివాను. జుహర్ మధ్యాహ్నపు నమాజు, అసర్ దాని తరువాతిది, మగ్రిబ్ సూర్యాస్తమయానిది. డిసెంబరు 21న, హనఫీ మజహబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) లెక్క ప్రకారం, సుమారుగా:

కర్నూలు: జుహర్ 12:16, అసర్ 4:16, మగ్రిబ్ 5:51.
షికాగో: జుహర్ 11:49, అసర్ 2:41, మగ్రిబ్ 4:23.

జూన్ 21న షికాగోలో జుహర్ 12:52, అసర్ 6:09, మగ్రిబ్ 8:29.

సబీహా పని వేళలు తొమ్మిది నుంచి అయిదు. జూన్‌లో ఆ ఎనిమిది గంటల్లో ఒకే నమాజు మొదలవుతుంది, అదీ భోజన విరామంలో. డిసెంబరులో మూడు పడతాయి. అదే మనిషి, అదే ఉద్యోగం, అదే విశ్వాసం. ఎండాకాలంలో ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు, చలికాలంలో ఆమె రోజుకు మూడుసార్లు కుర్చీలోంచి లేవాలి. నేను 11,400 మాటల్లో స్కార్ఫ్ చేత మోయించలేకపోయిన బరువును ఈ రెండు వరుసల అంకెలు మోస్తున్నాయి.

ఉప్పొంగిపోయి, 4:15 సమావేశం మధ్యలో మగ్రిబ్ వేళ అయ్యి ఆమె నలిగిపోయేలా రాసి పంపాను. మా చెల్లెలు మళ్లీ గాలి తీసింది.

“మగ్రిబ్‌కు అయిదుముప్పావు దాకా టైముంది కదా ఆపా. మీటింగ్ అయిదుకు అయిపోతే నిమ్మళంగా చేసుకుంటుంది. ఎందుకు ఏడుస్తుంది?”

ఇక్కడ రెండు రోజులు పని ఆగిపోయింది. తరువాత ఆమెనే, సమావేశం అయ్యాక నిజంగా ఏం చేస్తావని అడిగాను. రైలు, అంది. అక్కడ ముడి దొరికింది. కథలోని రైలు 5:10కి, ఆ తరువాతది 5:50కి. నమాజు చేసుకుంటే మొదటి రైలు పోతుంది, మొదటి రైలెక్కితే ఇల్లు చేరేలోపు మగ్రిబ్ పోతుంది. ప్రతి బుధవారం నలభై నిమిషాలు ఖర్చు పెట్టాలి. ఎవరూ దౌర్జన్యం చేయడం లేదు కనుక ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి లేదు. ఆ నలభై నిమిషాల విసుగు, ఆ విసుగు పుట్టినందుకు తన మీద తనకు కలిగే సిగ్గు, ఇప్పుడు కథలో ఉన్న సంఘర్షణ ఇదే.

పశ్చిమం ఒకటి కానట్టే విశ్వాసమూ ఒకే గడియారం మీద నడవదని పట్టికే చెప్పింది. అదే డిసెంబరు 21న షికాగోలో షాఫీ మజహబ్ లెక్కలో అసర్ 2:05కే మొదలవుతుంది. అందుకని అదే అంతస్తులో హోదాన్ అనే సోమాలీ కుటుంబపు అమ్మాయిని పెట్టాను. సోమాలీలు ఎక్కువగా షాఫీలు. దస్త్రాల గదిలో నమాజుకు హోదాన్‌కు వేళ అయిన 36 నిమిషాల తరువాత సబీహాకు వేళ అవుతుంది. ఇద్దరూ ఒకే గది, ఒకే జానిమాజ్ (నమాజు చాప) వాడుకుంటూ కొన్ని వారాలపాటు ఒకరికొకరు తెలియరు. మడత మారి ఉండటం చూసి సబీహా కనిపెడుతుంది. నాకు ఈ కథలో ఇష్టమైన చోటు ఇదే.

అనుసరించదలచినవారికి క్రమం:
1. కథ జరిగే ఊరు, సంవత్సరం ముందు ఖాయం చేసుకోవాలి.
2. ఆ ఏడు రంజాను, రెండు ఈద్‌ల తేదీలు పుస్తకం మొదటి పుటలో రాసుకోవాలి.
3. పాత్ర పని వేళల పక్కన జూన్, డిసెంబరు నమాజు వేళలు వేయాలి. అమెరికాలో ఏటా గడియారాలను గంట ముందుకు, వెనక్కు తిప్పే తేదీలు మరచిపోరాదు.
4. పాత్ర ఏ మజహబ్‌దో తెలియకుండా అసర్ వేళ రాయకూడదు.

ఇప్పటివరకు: రాసినవి 14,900. కొట్టినవి 6,350. మిగిలినవి 8,550.

నాలుగో దశ: వాష్‌బేసిన్

వజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, పాదాలు కడుక్కోవడం) సన్నివేశంలో ‘చల్లని నీరు ఆమె పాదాలను తాకింది’ అని రాసి ఉంది. వాష్‌బేసిన్‌లోకి పాదం ఎలా వచ్చిందో రాయలేదు. నేను పనిచేసే కార్యాలయంలో టేపు పెట్టి కొలిస్తే బేసిన్ అంచు నేలకు 81 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. తలుపు గడియపెట్టి ప్రయత్నించాను. ఎడమకాలు ఎత్తి, కుడిచేత్తో కుళాయి పట్టుకుని, షల్వార్ మోకాలి దాకా తడిసి, నేల మీద మడుగు కట్టింది. 3 నిమిషాల 10 సెకన్లు పట్టింది. నాకు 44 ఏళ్లు, సబీహాకు 29 అని సరిపెట్టుకున్నా, రోజుకు మూడుసార్లు ఇలా ఎవరూ చేయలేరు.

చెల్లెలికి ఫోను చేస్తే నవ్వి, తోలు మేజోళ్ల సంగతి గుర్తుచేసింది. పూర్తి వజూతో వాటిని తొడుక్కుంటే, ప్రయాణంలో లేనివారు ఒక పగలూ ఒక రాత్రీ పాదాలు కడగకుండా పైన తడిచేత్తో మసహ్ చేస్తే (తుడిస్తే) చాలు. మా నాన్నగారు చలికాలంలో వాడటం చూశానే గాని, అది ఉద్యోగం చేసే ఆడపిల్ల పనిముట్టని ఎన్నడూ తట్టలేదు. 650 రూపాయలు పెట్టి ఒక జత కొన్నాను. కొత్త లెక్క: వజూ 1 నిమిషం 25 సెకన్లు, నాలుగు రకాతుల (ఆవృత్తుల) నమాజు 5 నిమిషాల 20 సెకన్లు, రానూపోనూ నడక 1 నిమిషం 20 సెకన్లు. మొత్తం 8 నిమిషాల 5 సెకన్లు. మేజోళ్లు లేకుండా 9 నిమిషాల 50 సెకన్లు.

ఈ కొలతల వల్ల కథలో మాటల సంఖ్య మారలేదు, గొంతు మారింది. అంతకుముందు ఆ భాగమంతా నిట్టూర్పులే. ఇప్పుడు సబీహా కాగితపు తువ్వాళ్లతో నేల తుడుస్తుండగా మేనేజరమ్మ లోపలికి వచ్చి, పైపు కారుతున్నదనుకుని మరమ్మతువాళ్లకు కబురు పెడుతుంది. రెండు రోజులు వాళ్లు లేని చిల్లు కోసం వెతుకుతారు.

అయిదో దశ: ఎవరు ఏ భాషలో

సబీహా అమ్మతో దక్కనీ ఉర్దూ, హోదాన్‌తో ఇంగ్లీషు, కర్నూలు స్నేహితురాలితో తెలుగు మాట్లాడుతుంది. పాఠకులకు అన్నీ తెలుగులోనే అందాలి. అమ్మ మాటలను దక్కనీలోనే తెలుగు లిపిలో పెట్టి, కింద 46 వివరణలు ఇచ్చాను. నాతో చదువుకున్న రాజమండ్రి స్నేహితురాలు పదోదాని దగ్గర ఆపేసి, ఆ కింద గీతల్ని చూస్తే పరీక్ష రాస్తున్నట్టుందని చెప్పింది. అన్నీ తీసేశాను, 620 మాటలు పోయాయి. ఇప్పుడు అమ్మ సీమ తెలుగులో మాట్లాడుతుంది. ‘నక్కో’, ‘కైకు’, ‘హౌ’ లాంటివి సందర్భం చెప్పగలిగినచోటే ఉంచాను: “నక్కో బేటా, ఆ సలిలో రేత్రి రైలు ఎక్కొద్దు.” దీనికి వివరణ ఎవరూ అడగలేదు.

ఇంగ్లీషు సంభాషణలో మరొక సమస్య. ఆ భాషలో నువ్వు, మీరు తేడా లేదు, తెలుగులో నేను తేల్చుకోక తప్పదు. మొదట అందరినీ ‘మీరు’లో ఉంచితే మనుషులు చెక్కబొమ్మల్లా నిలబడ్డారు. చివరికి మేనేజరమ్మను కథంతా ‘మీరు’లోనే ఉంచి, సబీహా, హోదాన్ ఒక బుధవారం 5:10 రైలు వదులుకుని పక్కపక్కన మగ్రిబ్ చేసుకుని లేచాక ‘నువ్వు’లోకి దించాను. దాని గురించి కథలో ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ఇప్పటివరకు: రాసినవి 14,900. కొట్టినవి 6,970. మిగిలినవి 7,930.

ఆరో దశ: ముగింపు, మొదలు

మొదటి ముగింపులో సబీహా ఉద్యోగం మానేస్తుంది. రెండోదానిలో స్కార్ఫ్ మానేస్తుంది. రెండింటిలోనూ ఆమె ఏదో ఒకటి మానేస్తే గాని నాకు కథ అయిపోయినట్టు అనిపించలేదు. ఆ రోగం నాదే గాని ఆమెది కాదు. కలిపి 710 మాటలు కొట్టాను. బదులుగా 5:50 రైలు కోసం నిలబడ్డప్పుడు అమ్మతో ఫోను సంభాషణ 480 మాటలు రాశాను. అమ్మ అడిగేదల్లా ఆలస్యమెందుకైందని. సబీహా రైలు తప్పిందంటుంది.

చివరిగా మొదటి పుట మార్చాను. కొట్టకుండా ఉంచుకున్న ఒక్క అద్దం సన్నివేశం అక్కడ ఉండేది. దాన్ని ఆరో పుటకు జరిపి, కథను 2019 నవంబరు 4, సోమవారంతో మొదలుపెట్టాను. ముందురోజు ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కు తిప్పారు. శుక్రవారం సుమారు 5:46కు, పని ముగిశాక వచ్చిన మగ్రిబ్, సోమవారం 4:42కు కార్యాలయంలోకి వచ్చేసింది. సబీహా ఇంకా గోడ గడియారం వైపు చూడలేదు. కిటికీలో వెలుతురు తగ్గడం చూసి, వాన పట్టిందేమో అనుకుంటుంది.

మొత్తం: రాసినవి 15,380. కొట్టినవి 7,680. మిగిలినవి 7,700. జూన్ భాగం ఇంకా రాయవలసి ఉంది. మా చెల్లెలు ప్రతి మీద చివరిగా పెట్టిన గుర్తు పదకొండో పుటలో ఉంది: దస్త్రాల గదిలో ఖిబ్లా (నమాజులో తిరగవలసిన కాబా వైపు) దిక్కు రాయలేదు, షికాగో నుంచి అది ఈశాన్యం. బీరువా ఆ గోడకే ఉంది కనుక దాన్ని జరపాలి.